చోటు రాయని వానలెక్క

దంతెవాడ నుంచి జగర్గుండా దాటి దక్షిణంగా పోతే అడవిలో ఒక వాగు ఉంది. మ్యాపులో దాని పేరు ఒకటి, అక్కడివాళ్ళ నోట మరొకటి. ఇనుప గనిలో, భూగర్భశాస్త్ర విభాగంలో, ఉద్యోగానికి చేరిన కొత్తలో నేను దాన్ని మొదటిసారి చూశాను. రాళ్ళ జాడ వెతుకుతూ మా సర్వే బృందం ఆ ఒడ్డున డేరాలు వేసింది. ఏ రాయి ఎక్కడ దొరికిందో, ఎంత లోతున దొరికిందో రాయడం నా పని. రాయడం నాకు కష్టమనిపించేది కాదు. హైస్కూలు రోజుల నుంచీ డైరీ రాస్తున్నాను. పడుకునే ముందు ఒక పేజీ రాయకపోతే ఆ రోజు నాది కానట్టు ఉంటుంది.

ఒక సాయంత్రం వాగులోకి దిగి నడుస్తుంటే ఒడ్డు నిలువునా కోసుకుపోయిన చోటు కనిపించింది. నాకంటే రెట్టింపు ఎత్తున్న మట్టిగోడ. అడుగున గులకరాళ్ళ పొర ఉంది, అందులో అక్కడక్కడా అరచేతిలో నిండుగా ఇమిడే రాళ్ళు. వాటి అంచులు ఎవరో కొట్టి పదును పెట్టినట్టున్నాయి. దాని మీద పసుపూ ఎరుపూ కలిసిన మెత్తటి మట్టి, నిలువెత్తున, ఏ రాయీ లేకుండా, తుడిచిపెట్టినట్టు. ఆ పైన నల్లమట్టి. ఆ నల్లమట్టిలో మళ్ళీ రాళ్ళు, ఈసారి గోరంత సన్నటి చెక్కులు, చివరి వెలుగులో నీళ్ళ చుక్కల్లా మెరుస్తూ.

నేను టేపు పట్టి కొలిచి బొమ్మ గీసుకుంటుంటే టేపు రెండో చివర పట్టుకున్నది మా విభాగంలో పెట్టెలు మోసే మనిషి. నా వయసువాడే. డోర్లా అనే గిరిజన తెగవాడు, ఆ వాగు పక్క పల్లెవాడే. గని తవ్వకాల్లో భూమిలోంచి తీసిన రాతికడ్డీలను వరసగా పేర్చి పెట్టే చెక్కపెట్టెలు అతని భుజం మీదుగానే నమూనాల కొట్టుకు చేరేవి. ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళపాటు మేమిద్దరం ఆ కొట్టులోనే బతికాం. అతను నన్ను సారూ అంటాడు, నువ్వు అంటాడు. వాళ్ళ భాషలో మీరు అనడం దూరం పెట్టడమే.

ఆ రోజు అతనికి నాకు తెలిసినంత చెప్పాను. ఒకప్పుడు లోకమంతా చల్లబడి, సముద్రం వెనక్కి జరిగి, మన వానలు బక్కచిక్కిపోయిన కాలాలు వచ్చాయనీ, అవి ఏడాదీ రెండేళ్ళూ కాదు, వేల ఏళ్ళు సాగాయనీ, అడవి పలచబడి గడ్డి అయిందనీ, మళ్ళీ వేడెక్కి వానలు తిరిగి వస్తే గడ్డి మీద అడవి కమ్ముకుందనీ. కింద ఉన్న పెద్ద రాళ్ళు ఒక కాలపు మనుషులవి, పైనున్న చెక్కులు ఎంతో తర్వాతి వాళ్ళవి అని చూపించాను. అతను నడుమ ఉన్న ఖాళీ మట్టి మీద అరచెయ్యి ఆనించాడు.

"మరి ఈ నడుమ మనుషులేమైన్రు సారూ?"

"లేరు. పోయారు."

"ఏడికి?"

టేపు చుట్టేశాను. డైరీలో ఆ పొర పక్కన 'మనుషులు లేరు' అని రాసుకున్నాను. ఆ పేజీ ఇప్పటికీ ఉంది. దాని మీద ఎర్రమట్టి వేలిముద్ర కూడా ఉంది, అది నాదో అతనిదో.

ఆ బృందంతో తిరిగి వచ్చేటప్పుడే మా పై అధికారి పాత రెయిన్ గేజి ఒకటి పారేస్తుంటే అడిగి తెచ్చుకున్నాను. రాగిరంగు గరాటు, లోపల సీసా, ఒక గాజు కొలపాత్ర. ఉదయం ఎనిమిదిన్నరకు సీసాలోని నీళ్ళు కొలిచి డైరీ పైమూలలో రాయడం ఆ ఏడాది మొదలుపెట్టాను, మానలేదు. ఏడాది చివర మొత్తం కూడి వెనక అట్ట మీద రాసేవాణ్ణి. ఊరెళ్ళినప్పుడు మా ఆవిడ కొలిచేది, ఇద్దరం వెళితే పక్కింటివాళ్ళు. మా ఆవిడది సాలూరు వైపు. పెళ్ళై వచ్చిన కొత్తలో ఆ గరాటుని చూసి దేవుడికి ఏదైనా మొక్కేమో అనుకుందట.

అప్పట్లో మా క్వార్టర్సు కొండ మీద ఉండేవి. బచేలి నుంచి మలుపులు తిరుగుతూ పైకి వెళ్ళే రోడ్డు, పైన వరసగా ఇళ్ళు. వానాకాలంలో మబ్బు తలుపు తోసుకుని ఇంట్లోకి వచ్చేది. ముందుగదిలోంచి వంటగదిలోకి పోయి, అక్కడ పొయ్యి వెచ్చదనానికి కాసేపు ఆగి, కిటికీ గుండా వెళ్ళిపోయేది. పిల్లలు దాని వెంట నడిచేవాళ్ళు. ఆ తెల్లటి గదుల్లో కూర్చుని డైరీ రాస్తుంటే కాగితం మెత్తబడి కలం దిగబడేది. ఇప్పుడు తలుచుకుంటే అదంతా మేము బతికిన ఇల్లులా కాక ఎప్పుడో నిద్రలో చూసిన ఇల్లులా అనిపిస్తుంది.

రిటైరయ్యాక మేము మా సొంత ఊళ్ళకు పోలేదు. ముప్ఫై ఏళ్ళకు పైగా ఈ గాలికి అలవాటుపడ్డాం. గీదంలో, సంతకు కాస్త ఎడంగా, చిన్న ఇల్లు కొనుక్కున్నాం. గరాటును దొడ్లో నిలబెట్టుకున్నాను. నా స్నేహితుడు కూడా అదే ఏడాది రిటైరయ్యాడు. మధ్యలో ఎన్నో ఏళ్ళు, అడవిలో తుపాకుల భయంతో, వాళ్ళ ఊరి దారి మూసుకుపోయి ఉండింది. అది తెరుచుకున్నాక అతను భార్యను, కొడుకుని, కోడలిని తీసుకుని తన పల్లెకు చేరాడు. తర్వాత రెండేళ్ళకు భార్య పోయింది. కొడుకు మన్యంకొండల అవతల, భద్రాచలం వైపు, మిరపతోటల పనికి ఏడాదిలో సగం వెళ్ళి వస్తాడు. అన్న చనిపోయాక ఆ ఏడిళ్ళ పల్లెకు పెద్దరికం అతని మీద పడింది.

ఈ ఏడు వేసవిలో, బీడీలు చుట్టే తునికాకు కోతలు ముగిసిన వారం, అతను గీదం సంతకు వచ్చాడు. ఎప్పుడూ సంత పని చూసుకుని మా ఇంటికి వచ్చేవాడు, ఈసారి సంచీ ఖాళీగానే నేరుగా వచ్చాడు. మజ్జిగ తాగాడు. తర్వాత విషయం కొద్దికొద్దిగా బయటపడింది. వాగు ఇప్పుడు హోలీకి ముందే ఎండిపోతోందట. బోరింగు పంపులో ఎర్రనీళ్ళు, వండితే అన్నం తుప్పు వాసన. తాగే నీళ్ళకు ఆడవాళ్ళు వాగు వెంట పైకి, కొండ మొదట్లో ఉన్న ఊట దాకా నడుస్తున్నారు. పల్లెను అక్కడికి మార్చాలా వద్దా అని రెండేళ్ళుగా మాట్లాడుకుంటున్నారు. మారిస్తే పొలాలు ఇక్కడ, ఇళ్ళు అక్కడ అవుతాయి. పెద్దల రాళ్ళు ఇక్కడే ఉండిపోతాయి. చచ్చిపోయిన ప్రతి పెద్దకూ వాళ్ళు ఒక నిలువురాయి పాతుతారు. అతని మేనత్త, ఎనభై దాటిన మనిషి, తన భర్త రాయిని విడిచి రానని కూర్చుందట. వానలు మొదలైతే ఇల్లు కట్టడం కుదరదు. అందుకే ఇప్పుడే తేల్చాలి.

"నీ పుస్తకంల వానలున్నయ్ గద సారూ. నిజంగ తగ్గినయా, మా పాణానికి అట్లనిపిస్తాందా? తగ్గినయంటే ఇగ పోవుడే. లేదంటే అత్త మాట వింట."

డైరీలన్నీ మంచం మీద పరిచాను. వెనక అట్టల మీది మొత్తాలను వరసగా ఒక కాగితం మీదికి ఎత్తాను. కొండలాంటి గీత వచ్చింది. చాలా ఏళ్ళు ఎగుడుదిగుడుగా పైన నడిచి, ఇటీవలి ఏళ్ళకు వచ్చేసరికి ఒక్కసారిగా కిందికి దిగి, ఇక లేవలేదు. ఆ గీతను చూడగానే నాకు ఆ వాగు ఒడ్డు కళ్ళ ముందు నిలిచింది. ఖాళీ మట్టి మొదలయ్యేది ఇలాగే కాబోలు అనిపించింది. ఒక తరం మనుషులు తెలియకుండానే దాని అడుగు అంచు మీద నిలబడి ఉంటారు. వేల ఏళ్ళ కిందటి ఆ చలి, ఆ పొడిగాలి మా గదిలోకి వచ్చి నిలిచినట్టు అనిపించింది. ఆ మైకంలోనే అతనితో చెప్పాను: తగ్గాయి, మామూలుగా కాదు, ఏడాదికి మోకాలెత్తు నీళ్ళు తగ్గాయి, మళ్ళీ పెరిగే సూచన లేదు.

అతను ఆ గీత మీద చూపుడువేలు పెట్టి చివర దాకా లాగాడు. తలూపాడు. సంతలో ఏమీ కొనకుండానే జీపు ఎక్కి వెళ్ళిపోయాడు.

నాలుగు రోజుల తర్వాత మా ఆవిడ దొడ్లో బట్టలు ఆరేస్తోంది. నేను అరుగు మీద కూర్చుని ఆ గీతను మరో కాగితం మీద శుభ్రంగా, రంగు పెన్సిలుతో గీస్తున్నాను. ఆమె భుజం మీదుగా చూసి అదేంటని అడిగింది. చెప్పాను. ఎక్కడ పడిపోయిందో ఆ చోటు చూపించాను.

"ఇక్కడేగదండీ మనం కొండ దిగొచ్చీసింది," అంది.

ఇంకా అర్థం కాలేదు నాకు. ఆమె తడి చీర దులుపుతూ, పైన ఉన్నప్పుడు వారం రోజులకైనా బట్ట ఆరేది కాదని, ఇక్కడ శ్రావణంలో కూడా సాయంత్రానికి మడత పెట్టేస్తున్నానని, కొండ మీద పడేంత వాన కింద ఎందుకు పడుతుందని అడిగింది. అడిగి చీర కొసలు లాగి క్లిప్పు పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

నా చేతిలో పెన్సిలు అలాగే ఉంది. డైరీలన్నీ మళ్ళీ తెరిచాను. తేదీ ఉంది, వారం ఉంది, తిథి ఉంది, సమయం ఉంది, చినుకులా కుంభవృష్టా అన్నది ఉంది, పిడుగు పడిందా అన్నది కూడా ఉంది. ఎక్కడ కొలిచానో మాత్రం ఏ డైరీలోనూ, ఏ పేజీలోనూ రాయలేదు. నేను ఉన్నచోటే కదా అనుకుని ఉంటాను. నేను మారితే వాన మారుతుందని తోచలేదు. వాన తగ్గిందో లేదో నా పుస్తకం చెప్పలేదు. అది చెప్పేదల్లా నేను కొండ దిగానని.

అతనికి ఫోను చేశాను. ఆ పల్లెలో సిగ్నల్ ఉండదు, తెలిసీ చేశాను. మర్నాడు తెల్లవారకముందే దంతెవాడ బస్సు ఎక్కాను, అక్కడి నుంచి జీపు. జీపులో ఒళ్ళో మేకపిల్లను పెట్టుకున్న ముసలాయన నా భుజం మీద తలవాల్చి నిద్రపోయాడు. మేకపిల్ల నా చొక్కా గుండీ చప్పరించింది. ఎండ, దుమ్ము, మోదుగ చెట్లు. కునుకుపాట్లలో నాకు అదే ఒడ్డు కనిపించింది. ఈసారి ఖాళీ మట్టి ఖాళీగా లేదు. మనుషులు దాని వెనక నడుస్తున్నారు. మట్టి పలచటి బట్టలా ఉంది, అటువైపు నీడలు కదులుతున్నాయి. ఇంకో వాగు పక్క, ఇంకో ఊట పక్క, నేను టేపు పట్టని ఏదో ఒడ్డున వాళ్ళు నిప్పు రాజేసుకుంటున్నారు. 'మనుషులు లేరు' అని నేను రాసింది ఆ ఒక్క గోడ గురించే. ఆ మాట ఎవరో చెప్పినట్టు కాదు, ఎప్పటి నుంచో తెలిసినట్టే ఉండింది. మెలకువ వచ్చేసరికి జీపు ఆగి ఉంది. నేను దిగాల్సిన చోటు.

పల్లె చేరేసరికి మధ్యాహ్నం దాటింది. అతను ఊట దగ్గరి జాగాలో ఉన్నాడని చెప్పారు. వాగులో దిగి నడిచాను. ఇసుక కాళ్ళను కాల్చింది. నేను ఖాళీ చేతులతో నడుస్తూనే రెండుసార్లు ఆగి కూర్చున్నాను. చివరికి కొండ మొదట్లో ఇప్పచెట్ల నీడ, దాని వెనక నల్లరాయి సందులోంచి చేతి మణికట్టంత నీరు. అక్కడ అతనూ, పూజారి పెద్దాయనా, ఇంకో నలుగురూ నేల చదును చేస్తున్నారు. ఆ సాయంత్రమే గింజలు పెడతారట.

గింజలు పెట్టడమంటే ఇది. కొత్తగా ఇళ్ళు వేయదలచిన నేలను పేడతో అలికి, ఇంటికి రెండేసి బియ్యపు గింజలు ఒకదానికొకటి తగిలేలా పెడతారు. మీద ఆకుదొప్ప బోర్లించి రాయి పెడతారు. తెల్లవారి ఎత్తి చూస్తే జత జతగానే ఉండాలి. విడిపోతే ఆ నేల వాళ్ళను వద్దన్నట్టు.

అతన్ని పక్కకు పిలిచి జరిగింది చెప్పాను. చెబుతుంటే నా గొంతు నాకే చిన్నపిల్లవాడి గొంతులా వినిపించింది. అతను మొత్తం విని, చేతికంటిన పేడను గడ్డికి తుడుచుకుంటూ, నవ్వు ఆపుకుంటున్నాడో కోపం ఆపుకుంటున్నాడో తెలియని మొహంతో అన్నాడు.

"బోరు నంబరు లేని పెట్టె వస్తే నువ్వేం జేస్తుంటివి సారూ?"

వెనక్కి పంపేవాణ్ణి. ఏ బోరులోంచి తీసిందో, ఎంత లోతుదో రాయని పెట్టె లోపల బంగారమున్నా రాళ్ళకుప్పేనని అందరి ముందూ అనేవాణ్ణి. ఒకసారి వర్షంలో చీటీ కొట్టుకుపోయిన పెట్టెను అతను కొండ మీది నుంచి మోసుకొస్తే, దించనివ్వకుండానే తిప్పి పంపాను. ఆ రోజు అతను మళ్ళీ కొండెక్కాడు. అది అతనికీ గుర్తుంది, నాకూ గుర్తుంది. ఆ సంగతి ఇద్దరం ఎత్తలేదు.

ఈ విషయం అందరికీ ఇప్పుడే చెబుతానన్నాను. వద్దన్నాడు. మనసులో తిరకాసు పెట్టుకుని గింజలు పెడితే గింజలకు ఏమి తెలుస్తుంది, రేపు గింజలు తమ మాట చెప్పాక నీ మాట నువ్వు చెప్పు అన్నాడు. నేను మోసగించానన్న మాట మాత్రం అనలేదు. కానీ తను ఇప్పటికే అందరికీ చెప్పేశానని, సారు పుస్తకంలో ఉందంటే ఎవరూ మారు మాట్లాడలేదని, అత్త కూడా మెత్తబడిందని మాత్రం చెప్పాడు. ఎవరి వైపూ చూడకుండా చెప్పాడు.

నేను పల్లెకు తిరిగి వెళ్ళబోతుంటే అతని కోడలు ఊట దగ్గరికి వచ్చింది. నెత్తిన ఒకటి, చంకలో ఒకటి, రెండు బిందెలు. ఆరోజుకి అది మూడోసారట. ఆమె వెనకే నడిచాను. ఏడాది నిండని బిడ్డ వీపున కట్టి ఉంది. ఇసుకలో ఆమె కాళ్ళు దిగబడే తీరు, దిగబడిన కాలును తీసే తీరు చూస్తూ వచ్చాను. నన్ను చూసి, మామా నువ్వు ముందు పో, నేను నెమ్మదిగా నడుస్తా, నీకు పొద్దుపోతది అంది. నేనే ఆమెను అందుకోలేకపోతున్నానని ఆమెకు తెలియదు.

తెల్లవారి అందరం ఆ జాగా చేరాం. పొగమంచు కాదు, ఎక్కడో అడవి కాలిన పొగ, చెట్ల నడుమ పలచగా నిలిచి ఉంది. పూజారి పెద్దాయన ఒక్కో దొప్పా ఎత్తాడు. ఏడు జతలూ తగిలే ఉన్నాయి. ఎవరూ కేకలు వేయలేదు. ఒకాయన బీడీ ముట్టించాడు. ముసలి మేనత్తను ఆమె కొడుకు వీపు మీద తెచ్చి ఇప్పచెట్టు మొదట్లో దించాడు. ఆమె వంగి గింజలను దగ్గరగా చూసి, సరే, నేల రమ్మంటోంది, పుస్తకం పొమ్మంటోంది, ఇక నేనెవరిని అంది.

నేను లేచి చెప్పాను. నా హిందీ, నా తెలుగు, వచ్చిన నాలుగు డోర్లీ ముక్కలు కలిపి. వాన తగ్గిందని చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదని, నేనే కొండ మీది నుంచి కిందికి వచ్చి, కిందికి వచ్చింది వాన అనుకున్నానని.

తెలుగు వచ్చినవాళ్ళు రానివాళ్ళకు తమ భాషలో చెప్పారు. తర్వాత ముసలామె నవ్వింది. పళ్ళు లేని నవ్వు, చాలాసేపు సాగింది.

"నువ్వు ఇల్లు మారితివి, నింద వాన మీద ఏస్తివా అయ్యా? సదువుకున్నోని పని గిట్లనే ఉంటది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఆమె అక్కడ ఆగలేదు. వాన తగ్గలేదని సారే అంటుంటే ఇళ్ళెందుకు పీకాలి, ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు వాగు నిండుతుంది, మా మామలూ మగడూ నిలబడ్డ నేల వదలొద్దు అంది. మగవాళ్ళలో ఇద్దరు ఆమె వైపు జరిగారు. పొలాలకు రోజూ ఇంత దూరం దిగి పోవాలంటే కష్టమని, ఎడ్లను ఎక్కడ కట్టాలని, ఏదో మొదలైంది. నా స్నేహితుడు నేల చూస్తున్నాడు. పెద్దరికం అతనిది, కానీ అతని చేతిలోని కాగితాన్ని నేను లాగేసుకున్నాను. నిజం చెప్పి మంచి పని చేశాననుకున్నవాణ్ణి, ఆ పది నిమిషాల్లో ఏం చేశానో చూశాను. ఊట పక్కన కోడలు నిండిన బిందె నెత్తికెత్తుకోబోయి ఆగి వింటోంది.

ఆమె మామగారి ముందు మాట్లాడే మనిషి కాదు. బిందెను కింద పెట్టింది. మామగారి వైపు కాదు, ముసలామె వైపు కాదు, నా వైపు తిరిగి, నాకే చెబుతున్నట్టుగా చెప్పింది.

"వాన తగ్గిందా పెరిగిందా నాకెరుక లేదు మామా. పొద్దుగాల ఓమాటు, అన్నం తిన్నంక ఓమాటు, పొద్దుగూకంగ ఓమాటు నేను నడుస్తున్న. ఇల్లు ఇక్కడికొస్తే పొలానికి మీ మగోళ్ళు నడుస్తరు. నడిచేటోళ్ళు మారతరు, గంతే."

ఎవరూ నవ్వలేదు. ముసలామె కోడలిని తేరిపార చూసింది. తానూ ఒకప్పుడు నీళ్ళు మోసిన మనిషే. కానీ అప్పుడు వాగు గడప ముందే ఉండేది, ఆ సంగతి ఆమె ముఖంలో తిరిగింది. నీ బిడ్డ ఏడుస్తోంది, పాలియ్యి అంది. కాస్త ఆగి, రాళ్ళకు పండుగ పూట ఎవరు అన్నం పెడతారని అడిగింది. తనే మోసుకుపోతానన్నాడు నా స్నేహితుడు. ఆమె నమ్మనట్టు మూతి తిప్పుకుంది, కానీ ఇంకేమీ అనలేదు. అతను లేచి నిలబడి, పుస్తకం లెక్కా గింజల లెక్కా పక్కన పెట్టండి, మూడు మాట్ల లెక్క చాలు, పోదాం అన్నాడు.

మర్నాటి నుంచి దూలాలు దింపడం మొదలైంది. ఒక్క రోజుకని వెళ్ళినవాణ్ణి, వాళ్ళతో ఆరు రోజులున్నాను. పెంకులు ఒక్కొక్కటీ చేతులు మారుతూ దిగాయి. వాసాలు, తలుపులు, రోలు, విత్తనాల బుట్టలు, కోళ్ళు. అన్నీ వాగు ఇసుక మీదుగా పైకి నడిచాయి. పొద్దుటి వెలుగులో ఆ వరస చూస్తూ నడుస్తుంటే కాలం ఎటుపోయిందో తెలియలేదు. ముందు పోతున్నవాళ్ళు ఎండ మిరుమిట్లలో నీడలుగా మారి, మళ్ళీ దగ్గరికి వస్తే మనుషులవుతున్నారు. ఈ ఇసుక మీదే, ఇలాగే, ఎన్నిసార్లు ఎంతమంది నడిచి ఉంటారో. నేను చదివిన పుస్తకాల్లో వాళ్ళెప్పుడూ వేటగాళ్ళు. జింకల వెంట పోయారు, గడ్డి వెంట పోయారు, వానలు వెనక్కి జరిగితే వానల వెంట పోయారు. ఇప్పుడు నాకు అలా కనిపించలేదు. ముందు నడిచేది తిత్తిలోనో సొరకాయ బుర్రలోనో నీళ్ళు మోసే ఒక ఆడమనిషి. రోజుకు ఎన్నిసార్లు నడుస్తున్నదో ఆమెకు తెలుసు. ఒక ఉదయం బరువు దించి, ఇక చాలు అంది. వేల ఏళ్ళ చలి, సముద్రం వెనక్కి జరగడం, అవన్నీ ఆమె కాళ్ళకు ఒక ఊట నుంచి ఒక పొయ్యి దాకా ఉన్న దూరంగానే తెలిసి ఉంటాయి.

ఈ ఆలోచన సరైనదేనా అని తేల్చే దారి నాకు లేదు. నా దగ్గర ఉన్నది ఒక గోడ, ఒక వరస. ఎక్కడ, ఎప్పుడు చూశానో మాత్రం ఈసారి రాసుకున్నాను.

ముసలామె చివరి రోజు వచ్చింది. మంచం మీద కూర్చోబెట్టి నలుగురు మోశారు. దారి పొడవునా మంచం ఊగుతోందని, ఎండ కళ్ళలో పడుతోందని, మోసేవాళ్ళకు అన్నం తిన్న బలం లేదని తిడుతూనే ఉంది. భర్త రాయి ముందు మాత్రం దింపమంది. దాని నెత్తి మీద చెయ్యి వేసి, చెవిలో చెప్పినట్టు ఏదో చెప్పింది. ఏం చెప్పిందని దారిలో ఎవరో అడిగితే, మొగుడూ పెళ్ళాల మాటలు మీకెందుకంది.

కొత్త జాగాలో నా స్నేహితుడి ఇంటికి నాలుగు గుంజలు లేచాయి, పైకప్పు ఇంకా లేదు. కోడలు పొయ్యి రాళ్ళు సర్దింది. బిందె తీసుకుని ఊటకు వెళ్ళింది, వచ్చింది. రెండో బిందె తీసుకుని వెళ్ళింది, వచ్చింది. తొట్టి నింపింది. కుండలు నింపింది. కోళ్ళకు మూకుడులో పోసింది. ముసలామె కాళ్ళు కడుక్కోవడానికి చెంబుతో ఇచ్చింది. ఇక నింపడానికి ఏమీ లేదు. చేతులు తుడుచుకుని చుట్టూ చూసింది. పొద్దు ఇంకా నడినెత్తికి రాలేదు. మామూలుగా ఆమె ఆ వేళకు వాగు మధ్యలో ఉంటుంది.

బిడ్డను ఒళ్ళో వేసుకుని ఇప్పచెట్టుకు ఆనుకుని కూర్చుంది. కాళ్ళు ముడుచుకుని కూర్చున్నది కాస్తా, కొంతసేపటికి వాటిని బారజాపింది.